వారు వారు మడి ఎలా వేయాలి: నీళ్లు నిలిచే నేలకు ఆండీస్ రైతుల వైద్యం

పేరు చూసి నవ్వొస్తే నవ్వుకోండి, మొదటిసారి చదివినప్పుడు నాకూ నవ్వొచ్చింది. "వారు వారు" అంటే ఎవరెవరా అని వెతక్కండి. అది క్వెచువా భాషలో మాట, దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీద పెరూకీ బొలీవియాకీ నడుమ ఉన్న టిటికాకా సరస్సు ఒడ్డున వేసే ఎత్తు మడుల పేరు. అక్కడే ఐమారా మాట్లాడేవాళ్లు వాటిని సుకా కోయు అంటారు. సముద్రమట్టానికి 3,800 మీటర్ల పైన, అంటే మన అరకు లోయకి నాలుగు రెట్ల ఎత్తున ఉన్న బల్లపరుపు మైదానం అది. ఆ ఎత్తులో బంగాళాదుంప పండించే రైతుకు మూడు తిప్పలు. డిసెంబరు నుంచి మార్చి దాకా వానలు గట్టిగా పడితే చేను చెరువై దుంప కుళ్లిపోతుంది. వాన ముఖం చాటేస్తే మొక్క ఎండిపోతుంది. రెండూ లేవు, ఈ ఏడు పంట చేతికొచ్చినట్టే అనుకున్నాక ఒక రాత్రి ఆకాశం తేటగా ఉండి చలి సున్నా కిందకి దిగుతుంది, పొద్దున లేచి చూస్తే ఆకంతా వేడినీళ్లు పోసినట్టు నల్లగా వాలిపోయి ఉంటుంది.

ఈ మూడింటికీ వాళ్ల తాతలు కనిపెట్టిన ఉపాయం ఒక్కటే: సగం నేల తవ్వి కాలువ చెయ్, ఆ మట్టిని మిగతా సగం మీద పోసి మడి ఎత్తు చెయ్. వినడానికి ఇంతే. ఇందులో కిటుకంతా మడిలో ఉందనుకుని నేను మొదట బోల్తా పడ్డాను. కిటుకు కాలువలో ఉంది. మీరు కూడా పడకూడదని ఇదంతా రాస్తున్నా.

ఇది ఎంత పాతదంటే, క్రీస్తుకు ముందే మొదలై, ఆ సరస్సు పక్కనే వెలసిన పాత తివనాకు రాజ్యం నాటికి బాగా విస్తరించి, స్పెయిన్ వాళ్లు వచ్చేసరికి చాలావరకు మూలపడిపోయింది. తర్వాత వందల ఏళ్లు ఆ గట్ల మీద గొర్రెలు మేశాయి, అవి పొలాలన్న సంగతే చాలామందికి గుర్తులేదు. 1960ల్లో విలియం డెనెవన్ తదితర భూగోళ శాస్త్రవేత్తలు విమానం నుంచి తీసిన ఫోటోలు చూసి లెక్కగడితే సరస్సు చుట్టూ సుమారు 82 వేల హెక్టార్లలో, అంటే 2 లక్షల ఎకరాల్లో ఆ చారలు కనపడ్డాయి. 1981 నుంచి క్లార్క్ ఎరిక్సన్ అనే పురావస్తు శాస్త్రవేత్త పెరూలోని హువాటా ఊరి రైతులతో కలిసి కొన్నిటిని తవ్వి చూసి, పాత కొలతలతోనే మళ్లీ కట్టి, దుంప వేయించాడు. ఆ ప్రయోగాల్లో హెక్టారుకు సగటున 10 టన్నుల దాకా వచ్చింది, చుట్టుపక్కల మామూలు చేలల్లో అప్పటికి 1 నుంచి 4 టన్నులు. ఎరువుల బస్తా వాడలేదు. ఈ అంకె చూడగానే ఎగిరి గంతెయ్యకండి, దాని సంగతి కింద ఉంది.

ముందు నేల చూసుకోండి

వారు వారు పల్లపు నేల కోసం పుట్టింది. మీ చేను వాలుగా ఉంటే, నీళ్లు నిలవకపోతే, ఇక్కడితో ఆపి చివర్లో మెట్ల పొలాల ముక్క చదువుకోండి. నీళ్లు నిలిచి, వరి తప్ప ఇంకేం రాదని వదిలేసిన మూల ఉందా, అయితే ఇది మీ కోసమే. డెల్టా చివరి ఊళ్లు, చెరువు కింద ఊటెక్కే భూములు, కొబ్బరితోటల వెనక పల్లాలు ఇలాంటివన్నమాట. గోదావరి జిల్లాల్లో కొబ్బరి దిబ్బల మధ్య బోదెలు చూసినవాళ్లకి ఈ బొమ్మ కొత్తేం కాదు.

తవ్వే ముందు ఒక వానాకాలం మొత్తం ఊరికే చూడండి. నిజంగా ఊరికే. మూలకో కర్ర పాతి, గట్టి వాన పడ్డ మర్నాడు నీటి గుర్తు పెట్టండి, వారం తర్వాత ఇంకోటి. నీళ్లు ఎంత ఎత్తుకొస్తాయో, ఎన్నాళ్లుంటాయో, ఏ వైపు జారుకుంటాయో తెలియకుండా మడి ఎత్తు ఎంతుండాలో ఎవరూ చెప్పలేరు.

టిటికాకా రైతు అయితే పిట్టను కూడా చూస్తాడు. అక్కడ లెకె లెకె అని ఒక పిట్ట, మన తీతువు పిట్టకి దగ్గరి చుట్టం, నేల మీదే గుడ్లు పెడుతుంది. అది గూడు గట్టు మీద కడితే వానలు జోరుగా ఉంటాయని, కింద చాలులో కడితే కరువని వాళ్ల లెక్క. ఇంకోటి జూన్‌లో, సెయింట్ జాన్ పండగ రోజుల్లో, తెల్లవారక ముందే లేచి కృత్తికలు చూస్తారు. చుక్కలు స్పష్టంగా మెరిస్తే వానలు సకాలంలో వస్తాయి, మసకగా ఉంటే ఆలస్యం, కాబట్టి దుంప నాటడం కొన్ని వారాలు వెనక్కి జరపాలి. ఇది మూఢనమ్మకమని కొట్టిపారేయకముందు ఒక మాట: 2000లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం దీన్ని పరిశీలించి, ఎల్ నినో ఏళ్లలో ఆ నెలలో బాగా ఎత్తున పల్చటి మేఘాలు పెరిగి చుక్కలు మసకబారతాయనీ, ఆ ఏళ్లలోనే అక్కడ వాన తగ్గుతుందనీ చూపించింది. మనం కార్తెలు లెక్కపెట్టి నాట్లేసేవాళ్లం కదా, కృత్తిక కార్తె పేరు ఆ చుక్కలదే. అయితే వాళ్ల చుక్కల లెక్క వాళ్ల ఆకాశానికే, దాన్ని తెచ్చి ఇక్కడ వాడితే పనిచేయదు.

గొయ్యి తీసి మట్టి చదవండి

చేను మధ్యలో మోకాలు లోతు గొయ్యి ఒకటి తీయండి. గోడను పారతో నున్నగా చెక్కి చూస్తే రంగులు పొరలుగా కనపడతాయి. పైన నల్లగా, వేళ్లతో నిండి, చేత్తో నలిపితే పొడిగా రాలే పొర ఎంత మందముందో జానతో కొలిచి రాసుకోండి. దాని కింద బూడిద రంగో, నీలి ఛాయో, తుప్పు మరకలతో బంకగా ఉండే మట్టి వస్తుంది. గాలి తగలక నీళ్లలో నానిన మట్టి అది. ఈ రెంటినీ కలపకూడదు.

ఇక్కడే నా కథ. మా పెరట్లో కొబ్బరిచెట్ల వెనక రెండు సెంట్ల పల్లం, ఆగస్టు నుంచి నవంబరు దాకా చీలమండ లోతు నీళ్లు. జేసీబీ పక్కింటికి వస్తే పన్లో పనిగా ఓ గంట మాట్లాడుకుని కాలువలు తీయించేశా. బకెట్ ఒక్క దెబ్బకి పైమట్టి తీసి కింద పోసింది, రెండో దెబ్బకి బంకమన్ను తీసి దాని మీద పోసింది, నేను అరుగు మీద కూర్చుని టీ తాగుతూ చూశాను. మడి చూడ్డానికి దివ్యంగా ఉంది. వంగ నారు వేస్తే నెల రోజులు ఆకు పసుపుబారి, పెరగక, అలా నిలబడిపోయింది. ఎండకి పైమన్ను పెంకులా పగిలింది, వానకి జిగురయింది. మరుసటి ఏడు పార పట్టుకుని ఆ మట్టంతా మళ్లీ తిరగేశాను. ఒక గంట మిగుల్చుకున్నందుకు పదహారు రోజులు పట్టింది.

గీతలు గీయడం

పాత మడులు ఒకే కొలతలో లేవు. మామూలుగా 4 నుంచి 10 మీటర్ల వెడల్పు, పొడవు పది మీటర్ల నుంచి వంద దాకా, మడి పైభాగానికీ కాలువ అడుగుకీ మధ్య మీటరు తేడా. కాలువ కూడా ఇంచుమించు మడి అంత వెడల్పు. "అంత వెడల్పు కాలువా, సగం నేల పోయినట్టే కదా" అని ప్రాణం ఉసూరుమంటుంది. అలా అనిపించి కాలువను సన్నం చేస్తే రెండు నష్టాలు: మడికి మట్టి చాలదు, పట్టిన నీరు రెండు ఎండలకి ఆవిరైపోతుంది.

చిన్న లెక్క గుర్తుంచుకోండి. కాలువ, మడి ఒకే వెడల్పులో ఉంటే అర మీటరు తవ్వితే చాలు, తీసిన మట్టి పక్కన అర మీటరు లేస్తుంది కాబట్టి మొత్తం తేడా మీటరు వస్తుంది. మీటరు లోతు తవ్వాలనుకుని భయపడకండి. పెరటికి అయితే రెండు మీటర్ల మడి, రెండు మీటర్ల కాలువ సరిపోతుంది. మడి మధ్య మొక్కను అంచు నుంచి వంగి అందుకోగలగాలి, లేకపోతే మడి తొక్కుతూనే ఉంటారు, వేసిన గుల్లమట్టి గట్టిపడిపోతుంది.

కాలువలు వాలుకి అడ్డంగా గీయండి. వాలు వెంట గీస్తే అవి మురుగు కాలువలు అవుతాయి, వాన వెలిసిన సాయంత్రానికి ఖాళీ. మనకి కావలసింది పోయే నీళ్లు కాదు, ఉండే నీళ్లు. అన్ని కాలువల్నీ చివర్లో కలిపి ఒకే చోట దారి వదిలి, అక్కడ మట్టికట్టో, రెండు పలకలో పెట్టి ఎత్తు తగ్గించడానికి, పెంచడానికి వీలుగా ఉంచండి. చిన్న తూము లాంటిదన్నమాట.

కోత, పేర్పు

వానలు తగ్గి నేల ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. బాగా ఎండాక పలుగుకి లొంగదు, బాగా తడిగా ఉంటే పారకి అంటుకుని చావగొడుతుంది.

అక్కడ దీనికి వాడేది చాకితాక్యా. చాకి అంటే పాదం. మనిషెత్తు కర్ర, చివర సన్నటి ఇనుప పలక, కింద పాదం పెట్టి తొక్కడానికి చిన్న మెట్టు, పైన పట్టుకోవడానికి వంపు. ఇద్దరు మగవాళ్లు పక్కపక్కన నిలబడి ఒకేసారి ఎగిరి తొక్కి, కర్రను వెనక్కి వాలుస్తారు, వేళ్లతో సహా గడ్డిపెళ్ల ఇటుకలా లేస్తుంది. ఎదురుగా కూర్చున్న ఆడమనిషి దాన్ని రెండు చేతులా పట్టి బోర్లా తిప్పుతుంది. ముగ్గురి చేతులూ ఒక లయలో పడితే ఆ వరస ఎంత వేగంగా సాగుతుందో చూసి తీరాలి, ఒకరు తప్పితే ముగ్గురూ ఆగాలి. మనకి పార, పలుగు చాలు. కానీ గడ్డిని చెక్కి పారేయకండి, ఆ పెళ్లలే మీ ఇటుకలు.

ముందు మడి అంచు వెంట గడ్డిపెళ్లల్ని గోడలా పేర్చండి, గడ్డి వైపు కిందకి, ఇటుక మీద ఇటుక సగం జరిపి. గోడ నిటారుగా వద్దు, కాస్త లోపలికి వాలాలి. తర్వాత ఆ గోడల మధ్య నింపడం. కాలువ గీతలో ఉన్న పైమట్టి మొత్తం ముందు తీసి విడిగా కుప్ప పోయండి. మడి జాగాలో ఉన్న పైమట్టి కూడా గోరినంత గోరి ఆ కుప్పలోనే వేయండి. అప్పుడు కాలువలోంచి వచ్చే బంకమన్ను మడి అడుగున, దాని మీద ఎండుటాకులో, గడ్డో ఒక పొర, ఆఖర్న కుప్ప పోసిన పైమట్టి. మధ్యభాగం రెండు వేళ్లు ఎత్తుగా వదిలితే వాన నీళ్లు మడి మీద నిలవవు. మొదటి వానలకి మడి కాస్త కుంగుతుంది, కంగారు పడకండి.

ఎంత పని?

దాయకుండా చెప్పాలి. ఎకరంలో సగం కాలువ, అర మీటరు లోతు అంటే సుమారు వెయ్యి ఘనపు మీటర్ల మట్టి. ఒక మనిషి రోజుకు నాలుగైదు ఘనపు మీటర్లు కదిలించినా 200 నుంచి 250 పనిదినాలు. ఇప్పుడున్న కూలి రేట్లకి గుణించుకుని చూడండి, పక్కన మంచినీళ్లు పెట్టుకుని.

ఆండీస్‌లో దీన్ని ఐని అనే పద్ధతి మోసేది. ఈరోజు నేను మీ చేనికి వస్తా, రేపు మీరు మా చేనికి రావాలి. మనూళ్లలో నాట్లకి బదులు పని అని వెళ్లేవాళ్లం చూడండి, అదే. లెక్క డబ్బుల్లో ఉండదు, రోజుల్లో ఉంటుంది, ఎవరూ మర్చిపోరు.

1980ల చివర్లో, 90ల్లో పెరూ, బొలీవియాల్లో అభివృద్ధి సంస్థలు ఈ మడుల్ని పెద్దఎత్తున మళ్లీ కట్టించాయి. చాలాచోట్ల పనికి ఆహారం, విత్తనం ఇచ్చి కట్టించారు. సాయం ఆగాక చాలా మడులు మళ్లీ గడ్డి మొలిచి పశువుల మేత అయిపోయాయి. పద్ధతి పనికిరాదని కొందరు తేల్చేశారు, నాకైతే అలా అనిపించదు. కుర్రాళ్లు పట్నాలకి వలసపోయాక ఊళ్లో మిగిలిన ఇద్దరు ముసలివాళ్లు ఏటా కాలువ పూడిక ఎలా తీస్తారు? పైగా మొదటి ఏళ్ల దిగుబడి చాలావరకు వందల ఏళ్లు బీడు పడ్డ నేల ఇచ్చిన బోనస్. 10 టన్నుల అంకె చూసి గంతెయ్యవద్దన్నది ఇందుకే. ఇలాంటి దిగుబడి లెక్క ఎక్కడ చదివినా, అందులో కాలువ విస్తీర్ణం కలిపారా, మడి వరకే లెక్కేశారా అన్నది కూడా చూసుకోండి, సగానికి సగం తేడా వస్తుంది.

అయినా కథ ముగియలేదు. పెరూలోని పూనో దగ్గర అకోరా ప్రాంతంలో ఈ మధ్య కరువు ఏళ్లలో కూడా కొందరు రైతులు వారు వారులో దుంప, కీన్వా అనే చిరుగింజ పండించుకుంటున్నారు.

కాబట్టి మీరు ఎకరంతో మొదలుపెట్టకండి. రెండు సెంట్లు చాలు. రెండు మడులు, రెండు కాలువలు.

నీళ్లు పట్టడం

మొదటి వానలకి కాలువ నిండనివ్వండి. మడి పైనుంచి నీటి మట్టానికి జాన నుంచి మూర దాకా ఖాళీ ఉండేలా తూము సర్దండి. అంతకన్నా పైకొస్తే వేళ్లు ఊపిరాడక చస్తాయి, బాగా కిందకి పోతే మడి అడుగు నుంచి తేమ పైకి ఎక్కదు. రెండు మూడు వారాలు రోజూ పొద్దున చూస్తే మీ నేలకి ఏ మట్టం నప్పుతుందో తెలిసిపోతుంది.

సముద్రానికి దగ్గరి ఊరైతే ముందు కాలువ నీళ్లు నాలిక మీద వేసుకుని చూడండి, ఉప్పగా ఉంటే పరీక్ష చేయించకుండా మొక్క పెట్టొద్దు. దోమలు రాకుండా నీటిలో చిన్న చేపలు వదలండి. మా కాలువలో గప్పీలు వదిలాం, పిల్లలకి కాలక్షేపం కూడా.

అన్నట్టు కాలువ ఖాళీగా ఉండదు. నాచు పడుతుంది, అజొల్లా లాంటివి పరుచుకుంటాయి, టిటికాకా ఒడ్డున అయితే రెల్లు జాతి గడ్డి టొటోరా మొలుస్తుంది. అజొల్లా గాలిలోని నత్రజనిని పట్టి పెడుతుందని మన వరి రైతులకి కొత్తగా చెప్పక్కర్లేదు. చూడ్డానికి అసహ్యంగా ఉందని ఎత్తి పారేయకండి, మీ ఎరువు అక్కడే తయారవుతోంది.

చలి రాత్రి ఏం జరుగుతుంది

ఇది మన మైదానాల్లో అవసరం లేదు, లంబసింగి వైపు వాళ్లకి తప్ప. కానీ ఈ పద్ధతికి ప్రాణం ఇదే కాబట్టి దాటేసి పోలేను. పగలంతా ఎండలో కాలువ నీళ్లు వేడెక్కుతాయి. నీళ్లు వేడి పట్టడానికి టైమ్ తీసుకుంటాయి, వదలడానికీ తీసుకుంటాయి. రాత్రి తేటగా ఉండి నేల వేడి ఆకాశంలోకి పోతున్నప్పుడు, కాలువ మెల్లగా ఆ వేడి వదులుతూ మొక్కల చుట్టూ గాలిని కాస్త వెచ్చగా, చెమ్మగా ఉంచుతుంది. చల్లగాలి బరువు కాబట్టి మడి మీంచి జారి కాలువలోకి దిగుతుంది. తేడా అంతా కలిపి ఒకటి రెండు డిగ్రీలే. కానీ మైనస్ ఒకటికీ ప్లస్ ఒకటికీ మధ్య ఉన్న ఆ రెండు డిగ్రీలే ఆకు నల్లబడడానికీ పచ్చగా ఉండడానికీ తేడా. 1988లో బొలీవియా వైపు అలన్ కొలాటా అనే పురావస్తు శాస్త్రవేత్త బృందం రైతులతో కట్టిన మడులకి ఇలాంటి చలి రాత్రి పరీక్షే ఎదురైంది. చుట్టూ మామూలు చేలల్లో దుంప పంట చాలావరకు మాడిపోతే, మడుల మీద చాలావరకు నిలబడింది.

లంబసింగి చుట్టుపక్కల ప్రయత్నించేవాళ్లు కాలువ గట్టున ఎత్తైన మొక్కలు పెట్టకండి. నీళ్ల మీద పగలు ఎండ పడకపోతే రాత్రి వదలడానికి వేడి ఉండదు.

ఏం వేయాలి, ఏ వరసలో

అక్కడ మొదటి ఏడు దుంప, తర్వాత కీన్వా, తర్వాత బార్లీయో చిక్కుడు జాతిదో, ఆపైన కొన్నేళ్లు బీడు. బీడు అంటే బద్ధకం కాదు, పురుగు తిండి లేక చచ్చేదాకా ఆగడం. చాలా ఊళ్లలో ఏ చెక్క ఎప్పుడు బీడు పెట్టాలో ఊరంతా కూర్చుని నిర్ణయిస్తారు, ఒక్కడు మొండికేస్తే కుదరదు.

ఇంకో సంగతి నాకు భలే నచ్చింది. ఒకే చేలో ఒకే రకం దుంప వేయరు. ఎర్రది, నల్లది, వంకర్లు తిరిగింది, చలికి తట్టుకునేది, నీటికి తట్టుకునేది, పది పదిహేను రకాలు కలిపి నాటతారు. ఏ ఏడు ఏం ముంచుకొస్తుందో తెలియదు కాబట్టి ఏదో ఒకటి బతుకుతుందని. పెరూలోనే కుస్కో దగ్గర పిసాక్‌లో కొన్ని ఊళ్లు కలిసి నడిపే దుంపల పార్కులో వెయ్యికి పైగా రకాలు సాగులో ఉన్నాయి. చేదు దుంపలు కూడా ఉంటాయి, అవి నేరుగా వండుకుని తినలేం. జూన్, జూలై రాత్రుల్లో బయట పరిచి గడ్డకట్టించి, పగటి ఎండకి కరిగాక పాదాలతో తొక్కి నీరు పిండి, మళ్లీ ఎండబెట్టి చునో చేస్తారు. రాయిలా గట్టిపడి ఏళ్ల తరబడి నిలవుంటుంది.

మన దగ్గర అదే పంట వేయాలని లేదు. మిరప, టమాటా, వేరుశనగ కూడా అమెరికా ఖండాల నుంచే మన దాకా వచ్చాయి కాబట్టి మీ వంటగదిలో ఆ నేల ఎప్పట్నించో ఉంది. మడి మీద వానాకాలంలో వంగ, మిరప, గోంగూర, మెత్తటి వేళ్లతో నీళ్లకి చచ్చిపోయేవన్నీ పెట్టుకోవచ్చు. అంచు గోడ మీద బొబ్బరి (కొన్నిచోట్ల అలసంద అంటారు) లాంటి పాకే పప్పుజాతి ఏదైనా వేస్తే వేళ్లు గోడను పట్టి ఉంచుతాయి. రెండు రకాల వంగ కలిపి పెట్టండి, ఒక్క రకమే వద్దు.

వాలు నేల ఉన్నవాళ్లకి

ఇంకా చదువుతున్నారు కదా. మీకు ఆందేన్, అంటే రాతి మెట్ల పొలం. మట్టి జారకుండా ఆపే గోడ లోపలి వైపు వాలి ఉండాలి, నిటారుగా కడితే మూడో వానాకాలంలో పొట్ట ఉబ్బి కూలుతుంది. గోడ వెనక అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, దాని మీద ఇసక కలిసిన మట్టి, పైన సారవంతమైన నల్లమట్టి. ఈ వరస తప్పితే నీళ్లు దిగక గోడను తోసేస్తాయి. ఇంకో వాళ్ల పద్ధతి అమునా. లీమా పట్నానికి ఎగువ కొండల్లో, వాన రోజుల్లో పొంగే వాగు నీటిని చిన్న కాలువలతో పక్కకి మళ్లించి, రాళ్ల సందుల్లో ఇంకిస్తారు. ఆ నీరు సగటున 45 రోజుల తర్వాత కింద ఊటల్లో పైకి వస్తుందని అక్కడి హువామంతంగా ఊళ్లో రంగు నీళ్లు వదిలి కొలిచి 2019లో ప్రచురించారు. రాయలసీమలో వాలుకి అడ్డంగా కందకాలు తవ్వుకున్నవాళ్లకి ఈ ఊహ ఇట్టే అందుతుంది.

బురద ఎత్తడం

పంట తీశాక ఎండాకాలంలో కాలువలో నీళ్లు తగ్గుతాయి. అడుగున కుళ్లిన నాచు, ఆకులు, కొట్టుకొచ్చిన మట్టి కలిసి నల్లటి మెత్తటి బురద జానెడు మందాన చేరి ఉంటుంది, వాసన మామూలుగా ఉండదు. దాన్ని తట్టలతో ఎత్తి మడి మీద పల్చగా పరవాలి. మన పెద్దవాళ్లు చెరువు ఎండినప్పుడు పూడికమట్టి బండ్ల కొద్దీ పొలానికి తోలుకున్నది ఇందుకే, కాకపోతే వారు వారులో చెరువు చేను పక్కనే ఉంటుంది, బండి కిరాయి ఉండదు. బురద పరిచాక పదిరోజులు ఎండనివ్వండి, పెళ్లలు పగిలాక గుల్ల చేసి అప్పుడు విత్తనం. పచ్చి బురదలో నేరుగా నారు పెడితే వేరు కుళ్లుతుంది, అది కూడా చేసి చూశాను.

ఈ పని ఒక్క ఏడు మానేస్తే రెండు పనులు పాడవుతాయి. కాలువ లోతు తగ్గి నీళ్లు నిలవవు, మడికి ఎరువు అందదు. రెండేళ్లు మానేస్తే మళ్లీ పల్లమే. మా రెండు సెంట్ల కాలువలకి ఇద్దరం కలిసి మూడు రోజులు పట్టింది, రెండో మనిషి పక్కింటి ఆయన, బదులుగా వాళ్ల కొబ్బరి తోటలో బోదె పూడిక తీయడానికి నేను మూడు రోజులు వెళ్లాలి. అందుకని మడి గీత గీయకముందే వచ్చే ఏప్రిల్‌లో మీతో తట్ట పట్టే ఆ రెండో మనిషి ఎవరో మాట్లాడి పెట్టుకోండి, బదులు ఎన్ని రోజులు ఇవ్వాలో కూడా.